ఒప్పుకోలులో లేని పాపం

మాది పాయకరావుపేట. తాండవ నదికి ఇవతల మేము, అవతల తుని. మా పేటలో క్రైస్తవులంటే బాప్టిస్టులే. పెద్దయ్యాక, బుద్ధెరిగి, నీళ్ళల్లో నిలువునా మునిగితేనే బాప్తిస్మం అని నేర్చుకుంటూ పెరిగినవాణ్ణి. లూథరన్ చర్చిలో మొదటిసారి కాలు పెట్టింది మా చిన్నమ్మ అత్తవారి ఊళ్ళో. గోదావరి వైపు చిన్న పట్నం. ఊరి పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేది ఆ ఒక్క చర్చి మీద ఫిర్యాదు కాదు కాబట్టి.

గుమ్మం దగ్గర ఓ పెద్దాయన చెయ్యి పట్టుకుని మూడు ప్రశ్నలు అడిగాడు. "ఏ ఊరు బాబూ? ఏ సంఘం? ఎవరి తాలూకు?" మొదటి రెండూ ప్రశ్నలే. మూడోది కులం. చర్చిలో కులం పేరు ఎత్తకూడదు గనక, 'ఎవరి తాలూకు' అని అడగడం మనవాళ్ళు ఎప్పుడో నేర్చుకున్నారు. నేను చిన్నమ్మ పేరు చెప్పాను. ఆయన ముఖం విచ్చుకుంది. ఈ ఊళ్ళో ఇంకో చర్చి కూడా ఉందని, అది 'వాళ్ళది' అని తర్వాత తెలిసింది. మాలలకొకటి, మాదిగలకొకటి. దేవుడొక్కడే, తాళాలు రెండు.

మేము బాప్టిస్టులం ఎందుకయ్యాం, వీళ్ళు లూథరన్లు ఎందుకయ్యారు? మా తాతలు వేదాంతం చదివి ఎంచుకున్నది కాదు. 1842 జూలై 31న హెయర్ అనే అమెరికా లూథరన్ మిషనరీ గుంటూరు చేరాడు. రాజమండ్రిలో జర్మన్లు మొదలుపెట్టిన పని 1850 ప్రాంతంలో ఆ అమెరికా వాళ్ళ చేతికే వచ్చింది. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో దిగారు. ఒకరి ప్రాంతంలో మరొకరు వేలు పెట్టకుండా మిషన్లు జిల్లాలు పంచుకున్నాయి. ఆ గీత ఎటు పడితే అటు మన మతశాఖ. కాకినాడలో ఆ తెల్లవాళ్ళకంటే ముందే టెలిగ్రాఫ్ ఉద్యోగం వదిలి సువార్త చెప్పిన థామస్ గాబ్రియేలు మాలవాడు. చర్చి గోడల మీద శిలాఫలకాలు చదువుకుంటూ వెళితే ఇలాంటివాళ్ళ పేరు ఎన్నిచోట్ల కనిపిస్తుందో మీరే చూడండి.

ఇక ఆరాధన. మా దగ్గర ప్రార్థన ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్ళు చేస్తారు. ఇక్కడ అంతా క్రమం. తెల్లంగీ వేసుకున్న అయ్యగారు బలిపీఠం వైపు తిరిగి ఒక మాట, మన వైపు తిరిగి ఒక మాట. ఆయన చదివితే సంఘం జవాబు చెప్పాలి. పుస్తకం చూడకుండా, అక్షరం రాని ఆడవాళ్ళు కూడా తడుముకోకుండా చెబుతున్నారు. ఆ గ్రాంథికం వాళ్ళ నోట్లో ఎంత నానిందంటే 'క్షమించుము' అన్న మాట వాడుకమాటలాగే వినబడింది. నిజం చెప్పాలంటే నాకు అసూయ కలిగింది. బడిలోకి రానివ్వని భాషను వీళ్ళు గుడిలో పట్టేశారు.

అయితే ఆ క్రమాన్ని ఒక రచనగా తీసుకుని చదివితే ఏం కనిపిస్తుంది? మొదట పాపపు ఒప్పుకోలు. అందరూ తలవంచి, మేము పాపులమని ఒప్పుకుంటారు. ఆ తర్వాత క్షమాపణ. ఆ తర్వాతే స్తుతి. పాపం చేసినవాడికి అందులో చోటుంది. ఎవరి మీద పాపం జరిగిందో వాడికి చోటు లేదు. జర్మనీలో రాసినా, అమెరికాలో దిద్దినా, ఆ క్రమం రాసినవాడి కళ్ళముందు మాలపల్లె లేదు. ఇది రాసినవాడి నేరం కాదనుకుందాం. నూట ఎనభై ఏళ్ళుగా దాన్ని తెలుగులో చదువుతున్న మనం ఒక్క పేజీ కూడా కలపకపోవడం ఎవరి నేరం?

చర్చి నుంచి వచ్చాక చిన్నమ్మ అత్తగారితో ఈ మాటే అన్నాను. మామ్మకి డెబ్భై దాటాయి. వక్క కొరుకుతూ అంది: "ఒప్పుకుంటాం బాబూ, అయ్యగారు ఒప్పుకోమంటే. నాట్లకెళ్ళినప్పుడు దోసిలి పట్టమని పైనుంచి నీళ్ళు పోసింది నేనా ఏంటి? అది ఎవరు ఒప్పుకోవాలి?" ఆరాధన క్రమం మీద ఇంతకంటే పదునైన విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

ఇక పాటలు. లూథరన్లకీ మాకూ ఒకటే పుస్తకం, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అందులో పెద్ద భాగస్తుడు పురుషోత్తమ చౌదరి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, వందకు పైగా కీర్తనలు రాసినవాడు. చదువుకునే రోజుల్లో నేను తేలిగ్గా తీర్పు చెప్పేవాణ్ణి: 'మన నోట బ్రాహ్మణ సంస్కృతం, మన డప్పు గుమ్మం బయట.' సగం నిజమే. ఆ ఆదివారం కూడా హార్మోనియం ఉంది, తబలా ఉంది. మన ఇంట పుట్టిన డప్పు లేదు. చావుకీ జాతరకీ పనికొచ్చిన వాద్యం దేవుడి ముందు అపవిత్రమైంది. ఈ అపవిత్రం అన్న మాట బైబిల్లోంచి రాలేదు, ఊళ్ళోంచి వచ్చింది.

మిగతా సగం మాత్రం నేను తప్పు. వెనక చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు పుస్తకంలో అచ్చయిన తాళాన్ని పట్టించుకోలేదు. నాట్ల పాట లాగినట్టు సాగదీశారు. చరణం చివర పట్టు మార్చారు. చప్పట్ల దెబ్బ డప్పు దెబ్బే. ముందు బల్లల మీద ఉద్యోగస్తులు పుస్తకం ప్రకారం పాడుతుంటే, వెనక చాపలు తమ పాట తాము పాడుకున్నాయి. ఒకే పాట, రెండు చర్చిలు. మన పరిశోధకులు పుస్తకంలో పాట చదివి తీర్పు రాస్తున్నారు. చాపల మీద పాట విన్నవాళ్ళు తక్కువ. ఆ తక్కువలో నేనూ ఉన్నాను.

గుర్రం జాషువా గుర్తుకొస్తాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గుంటూరు లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పినవాడు. తర్వాత క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. అలాంటివాడు 1941లో గబ్బిలం రాసినప్పుడు తన మొర ఎవరికి పంపాడు? కాశీలో ఉన్న శివుడికి. దీన్ని విమర్శకులు కవి విశాల హృదయం అన్నారు. కావచ్చు. కానీ నా సందేహం వేరు: ఆ ఫిర్యాదు చదివి వినిపించడానికి తను పాఠం చెప్పిన మిషను ఆరాధన క్రమంలో చోటుందా? ఒప్పుకోలు ఉంది, స్తుతి ఉంది. మొర లేదు. మొర పెట్టుకోవాలంటే గబ్బిలమే దిక్కు.

ఇదంతా సాహిత్యం గోల అనుకోకండి. ఆ మధ్యాహ్నం చిన్నమ్మ కొడుకు, డిగ్రీ చదువుతున్నవాడు, పక్కకి పిలిచి చెప్పాడు: "అన్నయ్యా, చర్చిలో ఫోటోలు తీస్తుంటే నేను బయటికెళ్ళిపోతాను. రేపు సర్టిఫికెట్‌కి ఎంక్వైరీకొస్తే ఎవడైనా చూపిస్తే?" బడి రికార్డులో వాడికొక పేరు. చర్చి రిజిస్టరులో ఇంకో పేరు. వాడి భయం ఊరికే పుట్టింది కాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువు కానివాణ్ణి షెడ్యూల్డ్ కులం కాదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకుంది. దళిత క్రైస్తవుడు బయటే ఉన్నాడు. మన రాష్ట్రంలో వాడు బీసీ-సి, ఒక్క శాతం.

1985లో సుప్రీంకోర్టు ముందుకి సూసై కేసు వచ్చింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. తోటి మోచీలకి ఇచ్చిన ఉచిత బంకు ఇతనికి ఇవ్వలేదు, క్రైస్తవుడని. కోర్టు ఏమంది? మతం మారాక కూడా అవే బాధలు అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని చూపించాలి, అలాంటి ఆధారం మా ముందు లేదు అంది. ఆధారం ఎక్కడుంటుంది? చర్చిలో. రెండు తాళాల్లో ఉంది, రెండు శ్మశానాల్లో ఉంది, 'ఎవరి తాలూకు' అన్న ప్రశ్నలో ఉంది. కానీ క్రీస్తులో కులం లేదని ప్రసంగం చెప్పిన చర్చి, ఆ ఆధారం ఎలా ఇస్తుంది? చర్చి కులం మాట ఎత్తదు. సర్కారు చర్చి మాట ఎత్తనివ్వదు. ఈ రెండు మౌనాల మధ్య మా తమ్ముడు ఫోటోలోంచి తప్పుకుంటున్నాడు.

ఆ తర్వాత జరిగింది కొంత మీకు తెలుసు. ఈ నిషేధం తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ రాసింది. 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అనుకూలంగా తీర్మానం చేసింది. 2025లో ఇదే రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలో చేరి పాస్టరు పని చేస్తున్న మనిషి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసు పెట్టలేడని చెప్పింది. తిట్టినవాడికి కులం గుర్తుంటుంది. తిట్టు తిన్నవాడు మాత్రం మర్చిపోయానని రాసివ్వాలి!

మా పాయకరావుపేట ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. పేటలో బాప్తిస్మం తీసుకున్నవాడు ఓటు వేయొచ్చు, తను క్రైస్తవుణ్ణని చెప్పి ఆ సీటుకి నామినేషన్ వేయలేడు. అందుకే మా వైపు కూడా బాప్తిస్మం లోతు నీళ్ళల్లో జరిగినా కాగితం మీద తడి కనిపించదు. నీళ్ళల్లో మునిగినా, నెత్తిన చిలకరించుకున్నా, బాప్టిస్టుకీ లూథరన్‌కీ ఈ విషయంలో తేడా లేదు.

సంఘాలకి చెప్పాలనుకున్నవి రెండే మాటలు. దళిత వేదాంతం అని 1980ల నుంచి మన దగ్గర ఒక ఆలోచన నడుస్తోంది. మద్రాసులోని గురుకుల్ లూథరన్ వేదాంత కళాశాలలో పాఠాలు చెప్పిన అరవింద్ నిర్మల్ దానికి పునాదులు వేసినవాళ్ళలో ఒకడు. అది చిన్న ఊరి చర్చి గుమ్మం దాకా రావాలి. పెద్ద పుస్తకంగా కాదు, ఒక పేజీగా. ఒప్పుకోలు పక్కన మొర అని ఒక పేజీ. దావీదు కీర్తనల్లో దేవుణ్ణి నిలదీసిన మొరలు ఎన్ని లేవు? కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. రెండోది, చర్చిలోని కులాన్ని చర్చే రాసిపెట్టాలి. సిగ్గుతో దాచుకున్నన్నాళ్ళూ ఆ రాత మన పిల్లల సర్టిఫికెట్ మీద ఇంకెవరో రాస్తారు.

సాయంత్రం బస్సెక్కుతుంటే మామ్మ అడిగింది, "మళ్ళీ వస్తావా మా చర్చికి?" వస్తానన్నాను. ఈసారి వెనక చాప మీద కూర్చుంటాను.