ఆంధ్ర క్రైస్తవ కీర్తన : సంఘవిశ్వాసము, ఆరాధనావిధానము

ఒక సంఘము దేనిని విశ్వసించుచున్నదని ప్రశ్నించినచో ఆ సంఘపు పెద్దలు విశ్వాసప్రమాణమును చూపుదురు. ఎట్లు ఆరాధించుచున్నదని ప్రశ్నించినచో ఆరాధనక్రమమును చూపుదురు. తెలుగునాటి ప్రొటెస్టంటు సంఘములకు సంబంధించినంతవరకు ఈ రెండును ప్రధానముగా అనువాదములే. వీనిని మాత్రమే ఆధారముగా గొనిన వ్రాతలలో ఆ సంఘము పాశ్చాత్యసంఘమునకు నీడవలె కనబడుట సహజము. కాని ఆదివారమున ప్రార్థనకు పోవు స్త్రీ చేతిలో ఉండు పుస్తకములు రెండు. ఒకటి బైబిలు, రెండవది 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. శిశువులకు బాప్తిస్మము ఇయ్యవచ్చునా, నీట ముంచవలెనా, నీరు చిలుకరించిన చాలునా అను విషయములందు ఏకాభిప్రాయము లేని లూథరను, బాప్తిస్టు, దక్షిణ ఇండియా సంఘములవారు ఈ రెండవ పుస్తకమును మాత్రము ఉమ్మడిగా అనుభవించుచున్నారు. సిద్ధాంతము విడదీసిన వారిని పాట కలిపినదనుట అతిశయోక్తి కాదు. సంఘవిశ్వాసమునకు నిజమైన ఆకరము ఈ కీర్తనగ్రంథమే అనియు, దానిని విడిచి చేయు మతపరిశోధనయు, గానము విడిచి చేయు సాహిత్యపరిశోధనయు అసమగ్రములే అనియు ఈ వ్యాసమున నా ప్రతిపాదన.

వచనము ముందు పుట్టినది. బెంజమిన్ షుల్జ్ పదునెనిమిదవ శతాబ్దిలో చేసిన తెలుగు బైబిలు అనువాదము వ్రాతప్రతిగానే నిలిచిపోయెను. 1805లో లండను మిషనరీలు విశాఖపట్టణము చేరిన పిమ్మట దేగ్రాంజెస్, ఆనందరాయరు అను బ్రాహ్మణక్రైస్తవుని సాయముతో సువార్తల అనువాదమునకు పూనుకొనెను. అందు మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. సమగ్రమైన బైబిలు 1854లో వెలువడినది. ఈ అనువాదముల వాక్యరచనను గూర్చి పండితులు చేసిన పరిహాసములు మనకు క్రొత్తవి కావు. వాక్యము బిగిసియుండుట నిజమే. అయినను ఆ అనువాదకులు చేసిన ఒక పని మన నిఘంటుకారుల దృష్టికి రావలసినంతగా రాలేదు. వారు క్రొత్త మాటలు పుట్టించినది తక్కువ. ఉన్న మాటలకు కర్తను మార్చినది ఎక్కువ.

'ప్రాయశ్చిత్తము' అను మాటను చూడుడు. ధర్మశాస్త్రములందు ప్రాయశ్చిత్తము చేసికొనువాడు పాపము చేసినవాడే. కృచ్ఛ్రచాంద్రాయణాది వ్రతములు వాని శరీరమునకే విధింపబడినవి. తెలుగు బైబిలులోని లేవీయకాండమున ఈ మాటయే వాడబడినది గాని, అందు ప్రాయశ్చిత్తము చేయువాడు యాజకుడు, చేయబడునది ఇతరుని నిమిత్తము. సంఘబోధలో ఆ యాజకుని స్థానమున క్రీస్తు నిలిచెను. పదము మారలేదు, విభక్తి మారినది. 'తాను చేసికొనుట' 'తన కొరకు చేయబడుట' అయ్యెను. ఒక మతసిద్ధాంతమంతయు ఈ చిన్న వ్యాకరణభేదమున ఇమిడియున్నది.

'బలి' అను మాట కథ ఇంకను ఆసక్తికరమైనది. సంస్కృతపండితునికి బలియనగా వైశ్వదేవాదులందు పెట్టు అన్నభాగము మొదట స్ఫురించును. కాని ఆంధ్రదేశమున క్రైస్తవసంఘముగా ఏర్పడినవారిలో అధికసంఖ్యాకులు మాల, మాదిగ కులములవారు. వారు ఎరిగిన బలి గ్రామదేవత జాతరలోని దున్నపోతు బలి. బలిరక్తము కలిపిన అన్నమును ఊరి పొలిమేర చుట్టును 'పొలి'గా చల్లుట, ఆ క్రతువులో డప్పు మ్రోగించుట, మోయుట, నరకుట మొదలగు పనులు ఆ కులములవారికి విధిగా ఉండెడివి. మద్రాసు బిషప్పుగా ఉండిన హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రచురించిన దక్షిణదేశ గ్రామదేవతల గ్రంథమున ఈ ఆచారములు వర్ణింపబడినవి. కనుక 'దేవుని గొఱ్ఱెపిల్ల' అని ఉపదేశి చెప్పినపుడు ఆ శ్రోతలకు ఉపమానము వివరింపబనిలేదు. రక్తము ఆపదను మరలించునన్నది వారికి పూర్వానుభవము. వారికి క్రొత్తగా తోచినవి రెండు విషయములు. ఇచట బలి ఇచ్చువాడు ఊరివాడు కాడు, దేవుడే. ఆ బలి ఏటేట జరుగునది కాదు, ఒక్కమారే జరిగినది. జాతరలో చాకిరి చేసినవానికి ఈ రెండవ మాట ఎంత విముక్తిగా వినబడియుండునో ఊహింపవచ్చును.

ఊహతో పనియు లేదు. ఒంగోలు ప్రాంతమున క్రైస్తవులైన మాదిగలు గ్రామదేవతల ఉత్సవములలో డప్పు కొట్టుటకు నిరాకరించుటయే ఊరివారికిని వారికిని మొదటి సంఘర్షణకు కారణమయ్యెను. విగ్రహారాధన మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు, ఆదివారమున పని చేయరాదు అని జాన్ క్లౌ దొర పెట్టిన నియమములు మూడును వినుటకు చిన్నవి. కాని అవి మూడును ఊరితో గల కట్టుబాట్లను త్రెంచునవి. 1876-78 కరవు పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను కరవుకూడుతో ముడిపెట్టి తేల్చివేయువారు కలరు. అది సగము సత్యము. కరవుకు పూర్వమే, 1866లోనే, ఎఱ్ఱగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందియుండెను. ఈతడు క్రైస్తవుడగుటకు ముందు రాజయోగ సంప్రదాయపు బోధ విన్నవాడని 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ప్రచురించిన గ్రంథమువలన తెలియుచున్నది.

పేరయ్య సంగతి సాహిత్యపరిశోధకులకు ముఖ్యము. కీర్తనలు వ్రాసినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి. వంగదేశమూలము గల బ్రాహ్మణకుటుంబమున 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, పర్లాకిమిడి, శ్రీకాకుళము, విశాఖపట్టణ ప్రాంతముల బోధకుడుగా తిరిగి, 1890లో మరణించెను. ఆయన కీర్తనలు పల్లవి, అనుపల్లవి, చరణములతో, శిరస్సున రాగతాళనిర్దేశముతో, సంస్కృతసమాసభరితములై యుండును. అక్షరము రాని పల్లెసంఘమునకు ఈ సమాసములు ఎట్లు పట్టుబడెను? సంస్కృతము ఎరిగిన బ్రాహ్మణుడు తన విద్యను పల్లెకు దానము చేసెనని కొందరు కథ చెప్పుదురు. ఈ కథ దాతకు గౌరవము గూర్చును గాని గ్రహీతను మూగవానిని చేయును. పోతులూరి వీరబ్రహ్మము మొదలగువారి తత్త్వములు పల్లెల్లో అప్పటికే పాడబడుచుండెను. పరబ్రహ్మము, మాయ, గురుడు, ముక్తి అను మాటలు గుడిలోనికి పోరాని వారి నోట తత్త్వరూపమున ఏనాడో నిలిచియుండెను. చౌదరి కీర్తన సిద్ధముగా నున్న చెవిని చేరినది. ఆయన ప్రతిభకు ఇది కొరత కాదు.

ఇక కీర్తనరూపము విశ్వాసమునకు ఏమి చేసెనో చూతము. విశ్వాసప్రమాణము దేవుని గూర్చి పలుకును. అందు సృష్టి, జననము, సిలువ, పునరుత్థానము వరుసగా వచ్చి గడచిపోవును. వెనుకకు మరలుట లేదు. కీర్తన దేవునితో పలుకును. అందలి చరణము కథను ఒక అడుగు నడపును. వెంటనే పల్లవి వచ్చి పాడువానిని నేటి విన్నపమునకు మరలించును. బేత్లెహేమునకు పోయినను పల్లవి, గొల్గొతాకు పోయినను పల్లవియే. ఉపదేశి ఒక పాదము అందిచ్చి సంఘముచే అనిపించుచు నేర్పునపుడు చరణములు మరచిపోయిన వృద్ధురాలికి కూడ పల్లవి మిగులును. ఆమె విశ్వాసమేమని అడిగినచో ఆమె చెప్పునది ఆ పల్లవియే. గడచిన కథ ప్రస్తుతప్రార్థనగా మారుట ఈ రూపముయొక్క గుణము. ఈ గుణము మన వాగ్గేయకారుల సంప్రదాయమునుండి లభించినది. ఆర్. ఆర్. సుందరరావుగారు 1983లో ఈ కీర్తనలలోని భక్తిధోరణిని ప్రత్యేకగ్రంథముగా పరిశీలించుటవలన ఈ దిశకు మార్గమేర్పడినది.

ఆంగ్లకీర్తనల అనువాదములకు ఈ గుణము లేదు. ఆ బాణీలు ఊనికను అనుసరించి నడచునవి. తెలుగు పాట గురులఘువులను అనుసరించి నడచునది. అందుచే అనువాదగీతములందు హ్రస్వము సాగి దీర్ఘమగుటయు, దీర్ఘము నలిగి హ్రస్వమగుటయు అడుగడుగున సంభవించును. అర్థము తెలియుటకు ముందే చెవి నొచ్చును. అయినను పట్టణసంఘములలో వీనికి గౌరవము మెండు. కారణము సంగీతమునకు సంబంధించినది కాదు. మరియొక వంక, కీర్తనల తలకట్టునగల రాగనామములు పెక్కుచోట్ల ముద్రణకే పరిమితమైనవి. సంఘము పాడునది 'వరుస'. ఆ వరుస తోడికిగాని ఆనందభైరవికిగాని ఎంత దూరము జరిగినదో చెప్పవలసినవారు సంగీతజ్ఞులు.

ఆరాధనక్రమమున కూడ దేశీయతకై ప్రయత్నములు జరుగకపోలేదు. 1912లో బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం అజరయ్య దోర్నకలు అధ్యక్షమండలమున కోతపండుగను, వంటకు తీసిన బియ్యమునుండి పిడికెడు దేవునికై వేరుచేయు అలవాటును ప్రోత్సహించెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన పిమ్మట 1950లో వెలువడిన ప్రభురాత్రి భోజనక్రమమున, ఒకరి చేతులను మరొకరు తమ చేతులమధ్య గైకొని సమాధానము నందించుకొను విధి చేర్చబడెను. ఇది ప్రాచీన సిరియను సంప్రదాయమునుండి వచ్చినది. అంటుసొంటు పాటించు సమాజమున చేతిని చేతిలోనికి తీసికొనుట ఎంత పెద్ద మాటయో ఆ క్రమమును కూర్చినవారు ఎరుగకపోరు. ఐనను ఒక సంఘమునగల రెండు కులములవారు ఈ విధిని ప్రక్కవారితో జరుపుచున్నారా, తమవారితో మాత్రమే జరుపుచున్నారా అన్నది పుస్తకము చూచి తెలియునది కాదు. గుంటూరు ప్రాంతపు లూథరను సంఘమున మాలలు, ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సంఘమున మాదిగలు అధికులగుట చరిత్రకారులు గుర్తించిన విషయమే.

ఇంతవరకు కీర్తనను మెచ్చుకొంటిని. ఒక లోపమును గూర్చి కూడ చెప్పవలెను. అది సామాన్యమైనది కాదు. భద్రాచల రామదాసు తన రాముని నిలదీసెను. నిందాస్తుతి మన భక్తిసాహిత్యమున గౌరవస్థానము గలది. హెబ్రీ కీర్తనలయందును 'ఎందుకు', 'ఎంతకాలము' అను ప్రశ్నలు దేవుని ముఖముననే వేయబడినవి. ఇరువదిరెండవ కీర్తన, నలుబదినాలుగవ కీర్తన, ఎనుబదియెనిమిదవ కీర్తన ఇందుకు తార్కాణములు. ఇట్లు ఇరువైపుల పూర్వులు ఉండియు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలో ఈ ధోరణి, నేను చూచినంతవరకు, మిక్కిలి క్షీణము. ఇందు భక్తుడు తన్ను తానే నిందించుకొనును; పాపియని, అపాత్రుడనని విలపించును. దేవుని ప్రశ్నింపడు. లోకమువలన తనకు జరిగిన అన్యాయమును దేవునికి ఎరుకపరుచుటయు అరుదు. ఆత్మనింద బ్రాహ్మణభక్తునికి వినయమగును. ఊరివారిచే తరతరములుగా నిందింపబడినవాని నోట ఆ మాటకు వేరు అర్థము రాదా? అతనికి నేర్పవలసిన మొదటి పాట అదియేనా?

ఈ ప్రశ్నకు ఉత్తరము ఆరాధన వెలుపల దొరకుచున్నది. క్రైస్తవకుటుంబమున పుట్టిన జాషువ 1941లో 'గబ్బిలము' వ్రాసెను. అందలి అరుంధతీసుతుడు తన మొర కాశీవిశ్వనాథునికి విన్నవింపుమని గబ్బిలమును పంపును. సంఘము ప్రభుసన్నిధిని పాడని ఫిర్యాదు, సంఘమున పెరిగిన కవి చేతిలో, శివసన్నిధికి పోయెను. దీనిని కావ్యశిల్పముగా, సందేశకావ్యసంప్రదాయముగా మాత్రమే విమర్శకులు వ్యాఖ్యానించిరి. ఆ కవికి చిన్నతనమున చెవిబడిన కీర్తనలలో ఆ మొరకు తావెందుకు లేకపోయెనని అడిగినవారు తక్కువ. ఆయన 'క్రీస్తుచరిత్ర'కు 1964లో కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అది చదువబడిన కావ్యము. పాడబడు కీర్తనల ప్రక్కన దానికి స్థానము కలుగలేదు. సాహిత్యచరిత్రలో జాషువ కలడు, చౌదరి నామమాత్రముగా కలడు. ప్రార్థనాలయమున చౌదరి కలడు, జాషువ లేడు. ఈ రెండు చరిత్రలను కలిపి చదువుటయే తెలుగుశాఖల పరిశోధకులు చేయదగిన పని.

అందుకు తగిన ఒక చిన్న ప్రారంభమును సూచింతును. మంచి శుక్రవారమున మన సంఘములందు సిలువపై క్రీస్తు పలికిన ఏడు మాటలను ఏడుగురు బోధకులు వేర్వేరుగా వివరించుట, మాటకు మాటకు మధ్య సంఘము కీర్తన పాడుట ఆచారము. అందు నాలుగవ మాట దేవునిచే విడువబడినవాని కేక, ఇరువదిరెండవ కీర్తనలోని ప్రశ్నయే. ఆ ప్రసంగము ముగిసిన పిమ్మట ఏ పల్లెసంఘము ఏ కీర్తన ఎత్తుకొనుచున్నదో, ఎవరు ఎత్తించుచున్నారో, ఏ వరుసలో పాడుచున్నారో, శ్రీకాకుళమునుండి ఒంగోలువరకు, అటు మెదకువరకు, గ్రామగ్రామమున వ్రాసికొనవలెను. ముద్రితగ్రంథమున లేని కీర్తనలు ఆ తావున వినబడినచో వానిని ముందు వ్రాసికొనవలెను.