మైకు ముందు నిలబడే విద్య

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఇంగ్లీషులో ఉపన్యాసాలిచ్చినప్పుడు, వాటిని అక్కడికక్కడే తెలుగులో చెప్పినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేని మనిషి. కాగితం మీద రాసుకుని చూసి చదివే వీలు లేదు. విన్నదంతా మనసులో నిలుపుకుని, మైకులు లేని ఆ రోజుల్లో చివరి వరసకు వినపడేలా తన మాటల్లో చెప్పాలి. ఆయన అంతటితో ఆగలేదు. భారతదేశాన్ని పాడియావుగా, జనాన్ని పాలు దక్కని దూడలుగా, పాలకుల్ని గడుసు గొల్లలుగా చూపిస్తూ ఆశువుగా ఒక పద్యం చెప్పారు. దేశ సంపద ఎటు తరలిపోతోందో వివరించే వాదమంతా నాలుగు పాదాల్లో ఇమిడిపోయింది. పాల్ గారి ఇంగ్లీషు ఉపన్యాసాలు ఇవాళ మనలో కొద్దిమందికే తెలుసు. చిలకమర్తి వారి పద్యం మాత్రం బడిపిల్లలకూ వచ్చు.

తెలుగు రాజకీయ ఉపన్యాసం గురించి మాట్లాడేటప్పుడు మనం మహావక్తల పేర్లే చెప్పుకుంటాం. వేదిక మీద పక్కన నిలబడి అనువదించిన వాళ్లను తలుచుకోం. ఈ విద్య మెళకువలు తెలుసుకోవాలంటే మొదట వాళ్ల దగ్గరికే వెళ్లాలని నా నమ్మకం. గాంధీజీ ఆంధ్ర పర్యటనల్లో కొండ వెంకటప్పయ్య ఆయన ప్రసంగాలను తెలుగులో వినిపించారు. 1921లో కాకినాడలో ఆ పని పన్నెండేళ్లు నిండీ నిండని దుర్గాబాయి చేతికొచ్చింది. ఆ పిల్ల తెలుగు చేసిన తీరు గాంధీజీని మెప్పించింది. మన కాలంలో సోనియాగాంధీ సభల్లో ఉండవల్లి అరుణ్ కుమార్ అనువాదం వినడానికే వచ్చినవాళ్లను నేనెరుగుదును. ఆయనదీ రాజమండ్రే.

ఈ పని బయటికి కనిపించేంత సులువు కాదు. వక్త ఇంగ్లీషులో మాట్లాడుతుంటే క్రియ ముందే వచ్చేస్తుంది, వివరం తర్వాత వస్తుంది. తెలుగులో క్రియ చివర పడాలి. అందువల్ల వాక్యం పూర్తయ్యేదాకా ఓపిక పట్టాలి. ఆ లోగా వక్త రెండో వాక్యంలోకి వెళ్లిపోతే మొదటిది జారిపోతుంది. అంకెలు ముందు పోతాయి, తర్వాత ఊర్ల పేర్లు. హిందీతో క్రియ చిక్కు లేదు, కానీ అక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. సభలో సగం మందికి ఎంతో కొంత అర్థమై ముందే నవ్వేస్తారు. మిగతా సగాన్ని నవ్వించే బాధ్యత అనువాదకుడిది. హిందీ సామెతను మాటకు మాట దించితే ఎవరూ నవ్వరు. మన ఊళ్లో అదే సందర్భంలో వాడే సామెత ఆ క్షణంలో నాలుక మీదికి రావాలి. అన్నిటికన్నా కష్టమైనది, లేనిది కలపకుండా ఉండడం. పక్కనే ఉన్న స్థానిక నాయకుణ్ణి రెండు ముక్కలు పొగడాలని నోరు ఊరుతుంది. మంచి అనువాదకుడు ఆ పని చేయడు. ఇంత క్రమశిక్షణ ఉన్నవాడు తానే వక్తగా నిలబడితే అనవసరమైన వాక్యం ఒక్కటీ పలకడు.

అదే 1921లో, నవంబరు నెలలో హైదరాబాదులో మరో సంఘటన జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ప్రసంగాలను ఓపిగ్గా విన్న సభికులు, న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆయన్ను మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంతో అక్కడున్న తెలుగువాళ్లు కలిసి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి మహాసభ జరిగింది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలని శాసించిన గస్తీ నిషాన్ 53 కింద బతికిన జనానికి, వేదికెక్కి సొంత భాషలో నాలుగు మాటలు చెప్పడమే పోరాటం. హైదరాబాదు అవమానానికి ఎనభై ఏళ్ల తర్వాత, 2001 మే నెలలో కరీంనగర్ సింహగర్జన సభలో కేసీఆర్ తెలంగాణ యాసలో, ఇంట్లో మాట్లాడుకునే తీరులో మాట్లాడితే అంత జనం ఎందుకు కదిలారో ఈ చరిత్ర తెలిసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక మెళకువల సంగతి. మొదటిది పిలుపు. ఎన్టీఆర్ ‘ఆడపడుచులు’, చంద్రబాబు ‘తమ్ముళ్లూ’, జగన్ ‘నా అక్కచెల్లెమ్మలు, అవ్వాతాతలు’ మనకు బాగా అలవాటైనవే. ఇవి ముద్దుకోసం అతికించిన మాటలు కావు. వరస కలపగానే వక్తకూ శ్రోతకూ మధ్య ఒక బాధ్యత ఏర్పడుతుంది. అన్నగా మాట ఇచ్చినవాణ్ణి చెల్లెలు నిలదీయొచ్చు. రెండోది ప్రశ్న. ‘అవునా, కాదా?’ అని అడిగి ఆగాలి. ఆ ఆగడంలోనే నేర్పుంది. మైదానంలో దూరదూరంగా కట్టిన లౌడుస్పీకర్ల నుంచి మాట ఆలస్యంగా చేరుతుంది, ప్రతిధ్వనిస్తుంది. జవాబు తిరిగొచ్చేదాకా ఓర్చుకోలేనివాడు తన మాటను తానే తొక్కేసుకుంటాడు.

మూడోది ఊపిరి. అది నాటకం నుంచి వచ్చింది. పద్యనాటకం, పౌరాణిక సినిమా సంభాషణ సాధన చేసిన ఎన్టీఆర్ 1982లో పార్టీ పెట్టి, పాత షెవ్రోలే వ్యానును చైతన్య రథంగా మార్చి దాని మీద నిలబడి మాట్లాడినప్పుడు, దీర్ఘ సమాసాలు కూడా ఒక్క ఊపిరిలో పలికేవారు. కూడలిలో కొద్ది నిమిషాలు, మళ్లీ ప్రయాణం, మళ్లీ కూడలి. పెద్ద వేదిక మీద రెండు గంటలు సాగే ఉపన్యాసానికి అలవాటుపడ్డ రాజకీయాలకు ఈ చిన్న ప్రసంగం కొత్త. మరుసటి జనవరికే ఆయన ముఖ్యమంత్రి.

ప్రాస గురించి ఒక మాట. ముప్పవరపు వెంకయ్యనాయుడు నోట అది అందంగా పలికింది, చెప్పిన విషయం గుర్తుండేలా చేసింది. ఆ పట్టు లేనివాళ్లు ప్రాస కోసం విషయాన్ని వదిలేస్తున్నారు. ఈ మోజు తగ్గితే మంచిది.

ఉపన్యాసానికి తోడు వ్యాఖ్యానమూ ఉంది. రాజకీయ వ్యాఖ్యానం టీవీతో పుట్టిందనుకునేవాళ్లు బుర్రకథ చూడాలి. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ పాతదైనా రాజకీయ వంత ఆనాటి పన్నుల్నీ ధరల్నీ దొరల్నీ అందులోకి తెచ్చేవాడు. ప్రజానాట్యమండలి రోజుల్లో షేక్ నాజర్ ఈ కళను ఊరూరా రాజకీయ పాఠశాలగా మార్చారు. ఆ వంత జనం మధ్యే నిలబడి మాట్లాడేవాడు. తప్పు చెబితే ముందు వరసలోని ముసలాయన అక్కడే సరిదిద్దేవాడు. ఇవాళ్టి స్టూడియో చర్చల్లో ఆ ముసలాయన లేడు. అందుకని వ్యాఖ్యాతే ఆయన పని కూడా చేసుకోవాలి. ఏది తనకు తెలిసిన నిజం, ఏది తన అంచనా అన్నది విడదీసి చెప్పాలి.

ఇప్పుడు ఉపన్యాసాల రంగంలోకి ఎన్నికల సలహాదారులొచ్చారు. 2017లో గుంటూరులో తన పార్టీ ప్లీనరీలో ప్రశాంత్ కిషోర్‌ను జగన్ కార్యకర్తలకు పరిచయం చేశారు. 2023లో తెలంగాణ కాంగ్రెస్‌కు సునీల్ కనుగోలు పనిచేశారు. నియోజకవర్గాల సర్వే, అభ్యర్థి మీద జనాభిప్రాయం, నినాదం, ఏ సభలో ఏ అంశం ఎత్తాలన్న చీటీ, కెమెరా ఎక్కడ పెట్టాలన్న లెక్క, అన్నీ వాళ్ల పనే. నేను ఈ వృత్తిని తక్కువ చేయను. ఊరి సమస్యను సరిగ్గా సేకరించి వక్త చేతిలో పెట్టడం మంచి సేవ. కానీ ఆ చీటీ చదివే గొంతుకు ఆ ఊరితో పరిచయం లేకపోతే జనం వెంటనే పసిగడతారు. 2019లో 175కు 151 సీట్లు గెలిచిన జగన్ పార్టీ, సలహాదారుల సంస్థ వెంట ఉండగానే 2024లో 11కు పడిపోయింది.

పాదయాత్రల విలువ ఇక్కడే తెలుస్తుంది. 2003 వేసవిలో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా సుమారు 1,470 కిలోమీటర్లు నడిచారు. ఎండిన బోర్లు, కరెంటు బిల్లుల బకాయిలు ఆయన రైతుల నోట విన్నారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. సభలో ఇచ్చిన మాట సభలోనే తీరడం జనం కళ్లారా చూశారు. ఆ విధానం మంచిచెడ్డల మీద ఎవరి అభిప్రాయం వారిది. ఉపన్యాసానికి అంతకన్నా గౌరవం మరొకటి లేదని మాత్రం అంటాను.

1969లో తరిమెల నాగిరెడ్డి శాసనసభ్యత్వానికి రాజీనామా చేస్తూ మాట్లాడిన మాటలు సభ రికార్డుల్లో ఉన్నాయి కాబట్టి ఇవాళా చదవగలుగుతున్నాం. మైదానాల్లో, బజారు కూడళ్లలో మాట్లాడినవాళ్లకు ఆ అదృష్టం లేదు. మన జర్నలిజం, రాజనీతి శాస్త్ర విభాగాలు ఈ విద్యను పాఠంగా చెప్పాలంటే వినడానికి గొంతులు కావాలి. మీ ఇంట్లో నాన్నగారో తాతగారో దాచుకున్న పాత సభల క్యాసెట్లు, కరపత్రాలు, ఉపన్యాసం కోసం రాసుకున్న చీటీలు ఉంటే, ఏ పార్టీవైనా సరే, పాత సామాన్ల వాడికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో అప్పగించండి. సభ జరిగిన ఊరు, తేదీ, మాట్లాడినవారి పేరు, అనువాదకులుంటే వారి పేరు కూడా పైన రాసి ఇవ్వండి.