నోవహు జలప్రళయము: ఊరివారు పాడిన సంగీతరూపకము

సంగీతరూపకము వృత్తిగాయకుల సొత్తని పాశ్చాత్యదేశములందుఁ జిరకాలముగా నాటుకొనియున్న యభిప్రాయము. కంఠము నేండ్లకొలఁది సాధించినవాఁడు వేదికపై నిలిచి పాడవలెను. తక్కినవారు రుసుము చెల్లించి చీఁకటిలోఁ గూర్చుండి వినవలెను. ఈ యేర్పాటును దలక్రిందు చేసిన కృతి యొకటి 1958వ సంవత్సరము జూను 18వ తేదీన, ఇంగ్లండు తూర్పుతీరమున సఫోకు మండలములోని ఆర్ఫర్డు గ్రామపుఁ జర్చిలోఁ బ్రథమముగాఁ బ్రదర్శింపఁబడినది. దాని పేరు 'నోయీస్ ఫ్లడ్'. నోవహు జలప్రళయమని మనము చెప్పుకొనవచ్చును. స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్. ప్రదర్శనమునకు గంటసేపైనఁ బట్టదు. పాడినవారిలోను వాద్యములు మ్రోయించినవారిలోను అత్యధికులు ఆ ప్రాంతపు బడిపిల్లలు.

బడిపిల్లలు పాడినది గావున నిది బడికిఁ దగినదే కాని విమర్శకుఁ దగినది కాదని కొందఱు దీనిని ద్రోసివేయుదురు. మఱికొందఱు పసివారి యమాయికత్వమును బొగడి యంతటితో విడుతురు. ఈ రెండుమాటలును గృతిని వినకుండఁ జెప్పఁదగినవే. ఆఱితేరినవారిని, అభ్యాసము చాలనివారిని, అభ్యాసమే లేనివారిని ఒక్కచోటఁ జేర్చినపుడు వారి తారతమ్యమును గప్పిపుచ్చక, ఆ తారతమ్యముతోనే కృతిని నిర్మింపవచ్చునని బ్రిటెన్ చూపినాఁడు. నేఁ బరిశీలింపఁబూనినది యాతని యీ నేర్పును, అందలి వెలితిని.

గ్రంథభాగము బ్రిటెన్ క్రొత్తగా వ్రాయించుకొన్నది కాదు. ఇంగ్లండు పడమటిదిక్కున డీ నది యొడ్డున నున్న చెస్టరు పట్టణమందు మధ్యయుగములలో బైబిలుకథలను వరుసగా నాటకములుగా నాడెడివారు. ఒక్కొక్క కథ యొక్కొక్క వృత్తిసంఘమువారి వంతు. బండ్లపై నమర్చిన వేదికలను వీథివీథికిఁ ద్రిప్పుచు నాడుట వారి పద్ధతి. జలప్రళయకథ, డీ నదినుండి నీరు తోడి పట్టణమునకుఁ జేర్చువారి పాలఁ బడినది! నీళ్లు మోయువారికి నీటికథ నప్పగించినవాఁ డెవఁడో హాస్యప్రియుఁడై యుండవలెను. మతములో వచ్చిన మార్పులవలన 1575తో నా నాటకములు నిలిచిపోయినవి. ఆల్ఫ్రెడ్ పొలార్డు సంపాదించి ప్రకటించిన పాఠమును బ్రిటెన్ గ్రహించి, అక్కడక్కడఁ గుదించినాఁడే కాని పాతభాషను నేఁటిభాషగా మార్పలేదు. కృతినామముకూడఁ బాతవర్ణక్రమముతోనే నిలిచినది. పండితు లీ సంగతి గమనింతురుగాక! పాతమాట పిల్లలకుఁ గొఱుకుడుపడదని పాఠ్యగ్రంథములను నానాఁటికిఁ బలుచన చేయుచున్న కాలమిది. ఆర్ఫర్డున బాలురు నాలుగైదువందలయేండ్లనాఁటి మాటలను బాడిరి. అర్థము తెలియని మాటను జదువుట కష్టము. పాడుట యంత కష్టము కాదు, పాడఁగాఁ బాడఁగా నర్థమే వచ్చి చేరును. భాగవతపద్యములు నోటికి వచ్చిన మన పెద్దలెందఱు తొలుత నర్థము తెలిసి నేర్చిరి?

సభవారిచేతఁ బాడించుట బ్రిటెన్‌కు నిది మొదలు కాదు. 1948లోని 'సెయింట్ నికొలస్' అను గేయకృతియందు సభవారికి రెండు స్తుతిగీతములు విడిచినాఁడు. 1949లో 'లిటిల్ స్వీప్' అను బాలరూపకమునకు వచ్చినపుడు వేఱుదారి పట్టి, సభవారికై నాలుగుపాటలు క్రొత్తగా వ్రాసి, రూపకమునకుఁ బూర్వభాగమున వానిని వారికి నేర్పించు నేర్పాటు చేసినాఁడు. అది వినోదముగానే యుండును. కాని క్రొత్తపాటను బావుగంటలో నేర్చినవాఁడు తప్పుపోవుదునేమో యని సంగీతనిర్వాహకుని చేతివంకఁ జూచుచుండునే కాని కథవంకఁ జూడఁడు. 1958లో బ్రిటెన్ మరలఁ బాతదారికే వచ్చినాఁడు. ఇందుఁ బాడవలసిన గీతములు మూఁడు. మూఁడును ఆ దేశమున బడిలోఁ బ్రాతఃప్రార్థనకుఁ బాడి పాడి పెరిగినవారికి నోటనున్నవి. వానిలో నొకటి పదునాఱవ శతాబ్దపు థామస్ టాలిస్ స్వరపఱచినది. మఱియొకటి సముద్రముపైఁ బోవువారిని గాపాడుమని 1860 ప్రాంతమున వెలసినది. కాగితమును జూడ నక్కఱలేని పాటలివి.

వాద్యగోష్ఠి సంగతి కొంచెము విపులముగాఁ జెప్పవలెను, కృతిమర్మ మందున్నది గావున. వృత్తివాదకులకు విడిచినవి కొలఁదియే: అయిదు తంత్రీవాద్యములు, రికార్డరను నొక పిల్లనగ్రోవి, ఇద్దఱు కలసి వాయించు పియానో, ఆర్గను, టింపని యను చర్మవాద్యము. తక్కినవన్నియుఁ బిల్లలవి. వారి ఫిడేళ్లు మూఁడు తెగలు. మొదటితెగవారు కొంత నేర్చినవారు. అయినను జేయి మూఁడవస్థానమును దాటనక్కఱలేదు. రెండవతెగవారు మొదటిస్థానమును విడువనక్కఱలేదు. మూఁడవతెగ నిన్నమొన్న ఫిడేలు చేతఁబట్టినవారికి. వారు పెక్కుచోట్ల వ్రేలు మోపకయే వట్టితంత్రులపైఁ గమాను లాగినఁ జాలును. ఇది దయాదాక్షిణ్యములవలనఁ జేసిన సులభీకరణమని చదువరు లనుకొందురేమో. కాదు. వ్రేలు నొక్కిన తంత్రికిని నొక్కని తంత్రికిని నాదమున భేదము కలదు. నొక్కనిది మోటుగను, ధారాళముగను మ్రోగును. ఆ మోటునాదము పలువురి చేతులనుండి యొక్కసారి లేచునపుడు దానిపై వృత్తివాదకుల సన్ననిపలుకు నిలుచును. తంబురా మీటువాఁడు కచ్చేరిలో రాగాలాపనము చేయఁడు. వాఁడు లేచి పోయినఁ గచ్చేరి లేదు. మూఁడవతెగ ఫిడేలుపిల్లవాని స్థితియు నట్టిదే. వాని కిచ్చినపని వానికిఁ జేతనైనది. అయినను గృతికి నది యక్కఱయైనది.

బ్యూగిలు సంగతియు నింతే. అది మీటలు లేని యిత్తడికొమ్ము. ఒక్కశ్రుతికిఁ జెందిన కొన్నిస్వరములు తప్ప మఱేమియుఁ బలుకఁజాలదు. కవాతునకుఁ దప్ప సంగీతమునకుఁ బనికిరాదని దానిని విద్వాంసులు చేరనీయరు. బ్రిటెన్ కవాతే వ్రాసినాఁడు. మృగపక్షులు ఏడుగుంపులుగా, బ్యూగిళ్లు మ్రోగుచుండ, సభవారి నడుమనుండి నడచివచ్చి యోడ నెక్కును. ప్రతిగుంపును 'కిరీయే ఎలేయిసోన్', ప్రభూ కరుణింపుమని గ్రీకుభాషలోఁ బాడుకొనుచు వచ్చును. గొంతు ముదిరిన పెద్దబాలురు పెద్దమృగములు. ఎలుకల వంతు వచ్చునప్పటికి స్వరము కిచకిచలాడును. పసివాని కీచుగొంతు దోషము కాక పాత్రోచితమగుట యిక్కడఁ జూడవలెను.

వానచినుకుల కథ మఱియు రమ్యము. తొలిచినుకు పడుట యెట్లు వినిపింపవలెనని బ్రిటెన్ వెదకుచుండఁగా, ఆతని సహాయురాలు, స్వరకర్త గుస్టావు హోల్‌స్టు కూఁతురు నగు ఇమొజెన్ హోల్‌స్టు, కాఫీ త్రాగెడు కప్పులను త్రాట వ్రేలఁగట్టి చెక్కగరిఁటతోఁ గొట్టుటను సూచించినది. అంతకు మున్ను గ్రామస్త్రీలకు వాద్యములు నేర్పినపుడామె యీ యుపాయము నెఱిఁగినది. ఇరువురును అంగడికిఁ బోయి కప్పుల నొక్కొక్కటిగా మ్రోయించి యేఱుకొనిరి. పింగాణి మందమునుబట్టి ధ్వని మాఱుచుండును. మన జలతరంగమునకు దూరపుఁ జుట్టమనవచ్చును గాని యిందు నీళ్లు లేవు, నీళ్లధ్వని మాత్రమున్నది.

ఆ చినుకులతోఁ దుపాను మొదలగును. అడుగున నొక్క స్వరపంక్తి మరల మరల వచ్చుచుండ, దానిపై గాలి, ఉఱుము, మెఱుపు, అల ఒక్కొక్కటిగాఁ జేరును. ఒక్కొక్క యుత్పాతమున కొక్కొక్క పిల్లలగుంపు. ధ్వని యింక నిలుపశక్యము గాని స్థితికి వచ్చినపుడు ఓడలోనివారు సముద్రయాత్రికుల గీతము నెత్తుకొందురు, పిదప సభవారందఱును లేచి పాడుదురు, ఆర్గను కలియును. అంతట నొక్కొక్కధ్వనియే వచ్చినవరుసకు వ్యతిక్రమముగా వెడలిపోయి, కడపటఁ గప్పులపైఁ జినుకులు మాత్రము మిగులును.

ఈ ఘట్టమును జదువుచు నొక సంగతి మఱవరాదు. 1953 జనవరి 31వ తేదీ రాత్రి ఉత్తరసముద్రము పొంగి యా తూర్పుతీరముపైఁ బడినది. ఇంగ్లండులోనే 300కుఁ బైగా జనులు మృతినొందిరి. ఆర్ఫర్డునకుఁ జేరువనున్న ఆల్డుబరోలో సముద్రపుటొడ్డున బ్రిటెన్ కాపురమున్న యింటిలోనికిని నీరు వచ్చినది. ఐదేండ్లపిమ్మట నా తీరపుఁ జర్చిలోఁ గూర్చుండి, సముద్రమునుండి రక్షింపుమని లేచి పాడినవారికి జలప్రళయము పురాణకథ మాత్రమే కాదు. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెనను దివిసీమలోఁ జూచినవారి కీమాట వివరింప నక్కఱలేదు. వృత్తిగాయకుఁడెంతటివాఁడైన నా గీతము నాతఁ డొక్కఁడు పాడి సభవారిని వినుఁడనినచో ఘట్టము చెడును. అక్కడ విద్య కాదు కావలసినది.

ఇఁక వృత్తిగాయకుల పని యేమి? మొదటి ప్రదర్శనమున నోవహు ఓవెన్ బ్రానిగన్. భార్య గ్లాడిస్ పార్. పాడక పలుకు దైవవాణి ట్రెవర్ ఆంథొనీ. పాడు పెద్దలు ఇరువురే. నోవహు తన గొంతుయొక్క పసను బ్రదర్శించు పాట యొక్కటియు లేదు. ఆతఁడెత్తుకొన్న వాక్యము చిన్నది. కుమారులు, కోడండ్రు గొడ్డళ్లు సుత్తులు పట్టుకొని వచ్చి దానిజాడనే తమవంతు పాడుదురు. పెద్దగొంతు పిల్లగొంతులకు ఊఁతకఱ్ఱ. మన యక్షగానములందు సూత్రధారుఁడు దరువెత్తి పాత్రకందించుట నెఱిఁగినవారికిది క్రొత్తగాఁ దోఁపదు. తంజావూరు సీమలోని మెలట్టూరున వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రాదులను నృసింహజయంతికి నాడువారు నాటకవృత్తివారు కారు. వేఱువేఱు కొలువులలో నుండి యేఁటేఁట నూరికిఁ దిరిగివచ్చి వేషము కట్టువారు. తెనుఁగుపాట తమిళసీమలో నట్లు నిలిచినది. భేదమొకటి కలదు. మెలట్టూరువారు తండ్రితాతలనాఁటి పాఠమును సాధించినవారు. ఆర్ఫర్డు బాలురకు సాధనకు దొరకినది కొంతకాలమే. సంప్రదాయము చేయవలసినపనిని బ్రిటెన్ స్వరలేఖనముచేతఁ జేయించుకొన్నాఁడు.

దోషములు లేవని కాదు. నోవహుభార్య పాత్ర హాస్యమునకు వచ్చినది. మా సింగి సింగఁడు గుర్తునకు వత్తురు. ఓడ నెక్కననును, చెలికత్తెలతోఁ గూర్చుండి మద్యము త్రావును, కొడుకులు మోసికొనిపోయి యోడలో దించఁగా మగనిచెంప వాయించును. మఱునిమేషమున దుపాను, అంతట నామె యందఱితోఁ గలసి భక్తిగీతము పాడుచుండును. ఆ మార్పునకు స్వరకర్త యొక్క వరుసయైనఁ గేటాయింపలేదు. అంతకన్న గట్టియాక్షేపణ చెలికత్తెలను గూర్చి. వారును బడిబాలికలే. నీరు వచ్చుచున్నదని కేకలువేసి వెడలిపోవుదురు, వారు మునిఁగిరి. పాతనాటకము వారినిఁ దలఁపదు, బ్రిటెన్‌యుఁ దలఁపఁడు. ఇంద్రధనుస్సు కనఁబడి చేతిగంటలు మ్రోగుచు, టాలిస్ గీతమును సభవా రానందముతో నందుకొన్నపుడు, 1953 నెఱిఁగిన యా తీరమున నీ మఱపు చిన్నది కాదు. ఎలుకలకుఁ దావిచ్చిన యోడలో వారికొక నిమేషము మౌనమైన నీయరాదా?

కాలము తెచ్చిన చిక్కు వేఱొకటి. బ్రిటెన్ 1976లో మృతినొందినాఁడు, కృతి నిలిచినది. 1961లో ఆర్ఫర్డు చర్చిలోనే ధ్వనిముద్రణము జరిగినది. 2012లో 'మూన్‌రైజ్ కింగ్‌డమ్' అను చలనచిత్రమునఁ జేరి యెఱుఁగనివారికిని దెలిసినది. 2013లో శతజయంతికి బ్రిటెన్ పుట్టినయూరు లోవెస్టాఫ్టులోఁ బ్రదర్శితమైనది. కాని స్తుతిగీతములు నోటికి రానితరము వచ్చినకొలఁది సభవారి చేతికిఁ గాగితము లీయవలసియుండును. కాగితము వచ్చినచోఁ గృతి 'లిటిల్ స్వీప్' కాలమునకు వెనుకకుఁ బోయినట్లే. ధ్వనిముద్రణము సంగతి చెప్పనేల? ఇంటఁ గూర్చుండి వినువాఁడు తుపానునడుమ లేచి నిలువఁడు.

మనలో నిట్టికృతిని దలపెట్టువాఁడు తొలుత నడుగవలసిన ప్రశ్నయు నిదియే. ఊరిలో నందఱికిఁ గాగితము లేకుండ వచ్చినపాట యేది? రామదాసుకీర్తనలు, మంగళహారతులు, భజనపాటలు నొకనాఁటి సమాధానము. ఏ యూరిలో నవి యెంతవఱకు మిగిలినవో ఆ యూరి యుపాధ్యాయుఁడు విచారింపవలెను. బడి వార్షికోత్సవములు నేనును జూచితిని. యంత్రము పాడును, పిల్లలు పెదవులు కదలించి గంతులు వేయుదురు, గొంతు బాగుగలేని పిల్లను వెనుకవరుసలో దాఁతురు. తల్లిదండ్రులు ఫోనులో బొమ్మలు తీసికొందురు. ఆ వెనుకవరుసపిల్లకుఁ దప్పనిస్వరము రెండుమూఁడైన నుండును. అవి యేవో విని, వానికిఁ జోటుండునట్లు పాట కట్టు స్వరకర్త మనకుఁ గావలెను. చిడుతలు, కప్పులు, గరిఁటలు అంగడిలో దొరకుచునే యున్నవి.