జంట గీత

మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా. (ఈ సున్నా ఎవరి ఆలోచనో!) పెళ్ళికి మధ్యలో అడ్డగీత, రక్తసంబంధీకుల పెళ్ళయితే జంట గీత. దోహాలో వంశవృక్షాలు గీసే నా పనిలో జంట గీతే ఎక్కువ. 2006లో వచ్చిన ఒక సర్వే ప్రకారం ఖతారీల పెళ్ళిళ్ళలో 54 శాతం బంధువుల మధ్యే.

ఇక్కడ చిన్నాన్న కూతుర్ని చేసుకోవడం గౌరవం. మన ఊళ్ళో ఆ మాటంటే చెవులు మూసుకుంటారు, చెల్లెలి వరస మరి. మేనత్త కూతురైతే సరే, అక్క కూతురైతే మరీ సరే. జన్యువులకు ఈ వరసల పట్టింపు లేదు. చిన్నాన్న కూతురైనా మేనత్త కూతురైనా, పుట్టే బిడ్డ జన్యువుల్లో సగటున 16వ వంతు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివి. మేనమామను చేసుకుంటే 8వ వంతు. ఈ లెక్కలో అరబ్బుల కంటే మనమే ముందున్నాం.

ఆ లెక్క ట్రెమ్2 జన్యువు దగ్గర బాగా తెలుస్తుంది. 6వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువు తయారుచేసే రిసెప్టర్, మెదడులోని మైక్రోగ్లియా కణాల పైపొర మీద ఉంటుంది. చచ్చిన కణాల కొవ్వులు తగలగానే డాప్12 అనే ప్రోటీన్ ద్వారా లోపలికి కబురు వెళ్తుంది, కణం చెత్త ఎత్తడానికి కదులుతుంది. ఒక్క ప్రతిలో ఆర్47హెచ్ అనే మార్పు ఉంటే అల్జీమర్స్ ముప్పు దాదాపు మూడు రెట్లని 2013లో ఐస్‌లాండ్ పరిశోధకులు చెప్పారు. రెండు ప్రతులూ చెడితే వచ్చేది నాసు-హకోలా జబ్బు: ఇరవైలు, ముప్ఫైల్లో చీలమండల నొప్పి, ఎముకలు విరగడం; నలభైల్లో మతి పోవడం.

అందుకే మతిమరుపని వచ్చినవాళ్ళను నేను కాళ్ళ గురించి అడుగుతాను. విసుక్కుంటారు. అయినా ఆ ప్రశ్నా పూర్తిగా నమ్మదగ్గది కాదు. 2008లో వెలుగులోకి వచ్చిన ఒక లెబనాన్ కుటుంబంలో ట్రెమ్2 రెండు ప్రతులూ చెడినా ఎముకలకు ఏమీ కాలేదు, చిన్న వయసులోనే మతి మాత్రం పోయింది.

ఆర్47హెచ్ యూరప్ మూలాలవాళ్ళలో కనిపించినట్టు తూర్పు ఆసియాలో కనిపించదు. కాబట్టి యూరప్ పట్టికతో ఇక్కడి మనిషికి జాతకం చెప్పలేం. ఖతార్ జీనోమ్ కార్యక్రమం 6,218 మంది పూర్తి జన్యుక్రమాలతో 2021లో ఫలితాలు ప్రచురించాక, ఫలానా మార్పు ఇక్కడ అరుదా, మామూలా అని చూసుకోవడానికి ఓ ఆధారం దొరికింది.

మందు సంగతి అడుగుతారు. ట్రెమ్2ను తట్టిలేపే ఏఎల్002 అనే యాంటీబాడీ తొలిదశ అల్జీమర్స్‌ను నెమ్మదింపజేయలేదని 2024 నవంబరులో తేలింది. అది ఫలించి ఉన్నా, జంట గీత కింద పుట్టి ఆ రిసెప్టరే లేనివాళ్ళలో తట్టిలేపడానికి ఏముంది?