ఖాళీ పెట్టెకు కాపలా

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డెక్కి తూర్పుగా వెళ్తే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. దారి పొడవునా వరిచేలు, కాలవ గట్ల మీద కొబ్బరి, తాడి. ఈ నేల మీద తేనెటీగలు పెంచే రైతుకు తేనె తీయడంకన్నా ఓపిక కావాల్సిన పని ఒకటుంది. ఈగలు లేని పెట్టెను, తేనె తీసేసిన పట్టును మళ్లీ ఈగలు వచ్చేదాకా చెడకుండా చూసుకోవడం.

మన నాటు ఈగకు నిలకడ తక్కువ. వానల్లో పూత తగ్గినా, చీమలు పట్టినా, మాటిమాటికీ మూత తీసినా లేచిపోతుంది. ఐరోపా ఈగలు పెంచేవాళ్లకైతే పూత ముగిశాక తేనెగది చట్రాలు మిగిలిపోతాయి. ఆ పట్టే అసలు ఆస్తి. కిలో మైనం తయారు చేయడానికి ఈగలు 6 నుంచి 8 కిలోల తేనె తింటాయని అంచనా. కట్టి ఉన్న పట్టు అందిస్తే ఆ తేనె మనకు మిగిలినట్టే.

పట్టుకు పెద్ద శత్రువు మైనపు పురుగు. రాత్రిళ్లు తిరిగే ఈ బూడిదరంగు రెక్కల పురుగు పెట్టె పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు పట్టును తొలుచుకుంటూ, దారాలు అల్లుకుంటూ పోతాయి. కొన్ని వారాల్లో మిగిలేది బూజూ పిప్పీ. వాటికి ఒట్టి మైనం చాలదు. ఈగపిల్లలు పెరిగిన నల్ల పట్టులోని పుప్పొడి, గదుల పొరలే వాటికి బలం. అందుకే ముందు ఏరాలి. తెల్లటి తేనెపట్లు దాచాలి, నల్లబారినవి కరిగించి మైనం తీయాలి. నాటు ఈగ ఎలాగూ పాత పట్టును కొరికేసి కొత్తది కట్టుకోవడానికే ఇష్టపడుతుంది. రోగం తగిలిన గుంపు పట్టును మాత్రం ఎంత బాగున్నా దాచకూడదు. 1991-92లో థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిన నాటు ఈగల్ని ఊడ్చేసిన సంగతి మరిచిపోదగ్గది కాదు.

చలిదేశాల్లో శీతాకాలమే ఈ పురుగును అదుపులో పెడుతుంది. కృష్ణా డెల్టాలో అంత చలి రాదు, పురుగు ఏడాదంతా పుడుతూనే ఉంటుంది. ఆ చలిని ఫ్రీజర్లో మనమే కల్పించుకోవాలి. మైనస్ 15 డిగ్రీల్లో రెండు గంటలుంటే గుడ్లతో సహా చస్తాయి. పట్టు లోపలిదాకా చల్లబడాలి కాబట్టి సంచిలో కట్టి రాత్రంతా ఉంచడం మేలు. బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, విప్పితే పట్టుకు చెమ్మ పడుతుంది.

ఫ్రీజర్లో పట్టనన్ని చట్రాలుంటే గాలీ వెలుతురే మందు. ఎడం ఎడంగా వేలాడదీస్తే పురుగు అంతగా చేరదు. వెలుతురు కోసమని ఎండలో పెడితే మాత్రం బెజవాడ మే నెలకు పట్టు మెత్తబడి జారిపోతుంది, వసారా నీడ చాలు. గంధకం పొగ పాత పద్ధతి. పురుగును చంపుతుంది, గుడ్లను వదిలేస్తుంది. అందుకని రెండు వారాలకు మళ్లీ వేయాలి, అదీ ఆరుబయట, పొగ పీల్చకుండా.

కలరా ఉండలు మాత్రం వద్దు. మైనం ఆ మందును పీల్చుకుని రేపటి తేనెలోకి దించుతుంది. పురుగుమందు డబ్బాలున్న కొట్లో పట్లు పెట్టినా అంతే.

ఖాళీ పెట్టెను లోపల గీకి, పగుళ్లు మైనంతో పూడ్చి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి నీడలో ఉంచితే, చోటు వెతుక్కునే ఈగలు ఆ మైనపు వాసనకు వచ్చే అవకాశం ఉంటుంది. ఇంట్లో పెట్టెలున్నవాళ్లు తొలకరికి ముందే ఒకసారి విప్పి చూడండి. పట్టు మీద ఒక్క దారప్పోగు కనిపించినా ఆ చట్రాన్ని అప్పుడే వేరు చేయండి.