మాఘమాసపు ముహూర్తానికి కాడపూలు

గాజువాకలో పెళ్లికి పూలు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి ఆనందపురం దారి. చుట్టుపక్కల మండలాల రైతులు గంపలకెత్తిన బంతి, చామంతి, కనకాంబరం, లిల్లీ అక్కడి పూలమార్కెట్‌లో చేతులు మారి ఊళ్లోకి వస్తాయి. రెండోది బెంగళూరు, హోసూరు దారి. కాడ గులాబీలు, జెర్బెరాలు, కార్నేషన్లు కాగితం చుట్టుకుని అట్టపెట్టెల్లో దిగుతాయి. మొదటి రకాన్ని తూకానికో మూరకో అమ్ముతారు, రెండో రకాన్ని కట్టకింత అని. మొదటివి జడలోకీ దండలోకీ గుమ్మానికీ వెళ్తాయి, రెండోవి రిసెప్షన్ స్టేజీ మీదికి. ఆ అట్టపెట్టెల్లోని పూలలో లిసియాంథస్ ఒకటి. చూపుకి గులాబీయే, కానీ ముల్లు లేదు, రేక మరీ పల్చన. తెలుపు, లేత గులాబి, ఊదా రంగుల్లో, ఒక్కో కాడకు నాలుగైదు పూలూ మొగ్గలూ కలిసి ఉంటుంది. దీన్ని మన దగ్గరే పండించుకోవచ్చా, పండిస్తే మన పెళ్లిలో దాని చోటెక్కడ అన్నది ఈ వ్యాసం సంగతి.

ముందు మన పూల పని సంగతి చూడాలి. తెలుగు పెళ్లిలో పువ్వంటే కట్టేది, గుచ్చేది, ముడిచేది. మల్లెమొగ్గ తెల్లబడి ఇంకా విచ్చకముందే, పొద్దు పొడిచేలోగా కోయాలి. ఎండెక్కాక కోసిన మొగ్గ సాయంత్రానికి సరిగా విచ్చదు. అరటినారను నీళ్లలో నానబెట్టి సన్నగా చీల్చి, రెండు మొగ్గలు ఇటు, రెండు అటు కాడలు ఎదురెదురుగా పెట్టి, చుట్టు తిప్పి ముడి బిగిస్తారు. ముడి గట్టిగా పడితే కాడ తెగుతుంది, వదులైతే మాల జారుతుంది. కనకాంబరానికి వాసన లేదు, తూకం లేదు. కాని రంగు కోసం మల్లెల మధ్య అది ఉండి తీరాలి. దాని గొట్టం లాంటి కాడ నలక్కుండా కట్టడానికి అలవాటైన వేళ్లు కావాలి. మరువం, దవనం కలిపితే కదంబం. బంతికీ చామంతికీ ఈ నాజూకుతనం అక్కర్లేదు, సూదికి గుచ్చేయడమే.

ఇక పూలజడ. అరటి దొప్పను జడ పొడవుకు కోసి, వీపు వైపు ఆనించి, మొగ్గలన్నీ ఒకే వైపు తల ఉండేలా వరసలుగా సూదీదారంతో కుడతారు. దొప్పలో తడి ఉంటుంది కాబట్టి మొగ్గలు తొందరగా వాడవు. అట్ట మీద కుట్టిన జడ చూడ్డానికి అంతే బాగుంటుంది, కాని పీటల మీద కూర్చున్న గంటకే తేడా తెలుస్తుంది. ఇప్పుడు రెడీమేడ్ జడల్లో అట్టే ఎక్కువ. అది పనివాళ్ల తప్పు కాదు, దొప్ప కోసి తెచ్చే తీరిక ఎవరికీ లేదు.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది: కోసిన తర్వాత ఆ పువ్వు మళ్లీ నీళ్లు తాగదు. తనలో ఉన్న తడితోనే ముహూర్తం దాకా బతకాలి. అందుకే మల్లెతోట ఊరికి దగ్గరగా ఉండాలి. కాడపువ్వు అలా కాదు. కాడ కొసను ఏటవాలుగా కోసి నీళ్లలో నిలబెడితే తాగుతుంది, మొగ్గలు కూడా విచ్చుతాయి. లిసియాంథస్ ఈ విషయంలో గట్టిది. శుభ్రమైన నీళ్లు మారుస్తూ ఉంటే రెండు వారాలు నిలుస్తుంది. కాబట్టి దూరం నుంచి తెచ్చినా నష్టం లేదనిపిస్తుంది. కాని ఉంది. పెట్టెలో నలగకూడదని దూరప్రయాణపు కాడల్ని ముందుగానే, మొగ్గల మీద కోసేస్తారు. అలా లేతగా కోసిన మొగ్గలు నీళ్లలో విచ్చినా వాటికి అసలు రంగు రాదు, తేలిపోతాయి. దగ్గర తోట అయితే కాడ మీద రెండు మూడు పూలు పూర్తిగా విచ్చి, మిగతా మొగ్గలకు రంగు ఎక్కేదాకా ఆగి కోయొచ్చు. స్థానికంగా పండించడం వల్ల నిజంగా మిగిలేది ఇదే, లారీ కిరాయి కాదు.

పరదేశపు పువ్వు మనకెందుకు అనేవాళ్లకు జవాబు ఆనందపురం గంపల్లోనే ఉంది. బంతి మెక్సికో నుంచి వచ్చింది. లిల్లీ అని మనం పిలుచుకునే నేలసంపెంగదీ ఆ దేశమే. చామంతి చైనాది. లిసియాంథస్ పుట్టిల్లు బంతికి పొరుగే: అమెరికా మధ్య మైదానాల నుంచి టెక్సాస్ మీదుగా ఉత్తర మెక్సికో దాకా. అక్కడ ఒంటిరేకల నీలిపువ్వుగా ఉన్నదాన్ని ఇరవయ్యో శతాబ్దంలో జపాన్ వాళ్లు పట్టుకుని, ముద్దరేకలూ రకరకాల రంగులూ వచ్చేలా సంకరాలు చేశారు. ఇవాళ పూలబజారులో కనిపించేవి ఆ వంగడాలో, వాటి వారసులో.

బంతి మన ఎండకు లొంగింది, లిసియాంథస్ లొంగలేదు. విత్తనం పొడిలా ఉంటుంది, గ్రాముకు దాదాపు 20,000. చేత్తో చల్లే పని కాదు కాబట్టి పూత పూసి గుళికలుగా అమ్ముతారు. మొలకకు వెలుతురు కావాలి, మీద మట్టి కప్పకూడదు. నారు నాటుకు రావడానికే రెండు నుంచి మూడు నెలలు. ఆ నారు దశలో రాత్రుళ్లు వేడిగా ఉంటే మొక్క నేలకు అతుక్కుని ఆకులు పరుచుకుంటుందే తప్ప కాడ లేపదు. తర్వాత ఎంత ఎరువు వేసినా లాభం తక్కువ. జపాన్‌లో దీనికి మందు కనిపెట్టారు: నానిన విత్తనాన్ని 10 డిగ్రీల చలిలో కొన్ని వారాలు ఉంచి ఆ తర్వాత మొలిపించడం, లేదా నారును చల్లని గదుల్లో పెంచడం. గాజువాకలో వేసవి రాత్రులు 27 డిగ్రీల దగ్గర ఆడతాయి. ఇక్కడి మేడ మీద షేడ్‌నెట్ కింద నారు పోస్తే ఆకుకూరలా మిగులుతుంది.

కొండెక్కితే లెక్క మారుతుంది. లంబసింగి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా గాజువాకకు మూడు నాలుగు గంటలు. చలికాలంలో అక్కడ స్ట్రాబెర్రీ పండిస్తున్నారు, దాని మొక్కలు మహారాష్ట్ర నుంచి తెప్పించుకున్నవి. అంటే చల్లటి చోట పెరిగిన నారు కొని, చలి నెలల్లో పంట తీసే అలవాటు ఆ ప్రాంతానికి కొత్త కాదు. లిసియాంథస్‌కూ అదే దారి. నారు బయటి నర్సరీది, కాడ లంబసింగిది, అమ్మకం కింద. వానకు పైకప్పు, నీరు నిలవని ఎత్తు మడులు, వేరుకుళ్లు రాకుండా మట్టి శుద్ధి తప్పవు. విత్తనం ఖరీదు, పంటకాలం అయిదారు నెలలు. ఒక్కో రైతు పది సెంట్లతో మొదలుపెట్టాలే గాని ఎకరాలు పెట్టకూడదని నా ఉద్దేశం.

మండపంలో దాన్ని ఎక్కడ పెడతారన్నదీ చూసుకోవాలి. జడలోకీ దండలోకీ వద్దు. నీళ్లు లేకపోతే గంటల్లో తల వాల్చేస్తుంది, సూదికి రేక చిరుగుతుంది. దాని చోటు స్టేజీ, భోజనాల బల్ల, పెళ్లికూతురి చేతి బొకే. ఇప్పుడు ఆ స్టేజీల మీద అద్దెకు తిరిగే ప్లాస్టిక్ పూలున్నాయి. ఎన్ని పెళ్లిళ్ల దుమ్ము ఎక్కిందో దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. నీటిలో మునిగే ఆకులు దూసేసి, కాడ కొస మళ్లీ కోసి, కొంచెం చక్కెర కలిపిన నీళ్లలో ముందురోజు రాత్రి నిలబెట్టాలి. ఆ నీళ్లు త్వరగా పాచిపడతాయి కాబట్టి బకెట్ శుభ్రంగా ఉండాలి. హోమగుండానికీ, మాగిన పళ్ల తట్టలకీ దూరంగా పెట్టాలి. పొగలోనూ పండే పండులోనూ ఎథిలీన్ వాయువు ఉంటుంది. దానికి కార్నేషన్ బాగా త్వరగా ముడుచుకుంటుంది, లిసియాంథస్ కూడా కొంత దెబ్బతింటుంది. మన మండపాల్లో పళ్లెం పక్కనే పూలకుండీ పెట్టడం మామూలు కాబట్టి ఈ మాట డెకరేషన్ కుర్రాళ్లకు చెప్పి ఉంచాలి.

పంచాంగం కూడా దీనికే కలిసొస్తుంది. పుష్యంలో ముహూర్తాలు లేక ఆగిన పెళ్లిళ్లన్నీ మాఘంలో ఒక్కసారి పడతాయి. అప్పటికి మల్లెకు ఇంకా సరిగా మొగ్గ రాదు. దాని కాలం ఫాల్గుణం దాటాకే, వైశాఖ జ్యేష్ఠాల్లో దండిగా. చలిలో వచ్చే కాసినీ కనకం ధర పలుకుతాయి. శ్రావణంలో చల్లని నర్సరీలో విత్తి, ఆశ్వయుజం చివర కొండ మీద నాటితే లిసియాంథస్ మాఘం చివరికి కోతకు రావాలి. చలి ముదిరి మొక్క మందగిస్తే ఫాల్గుణానికి జరుగుతుంది. వైశాఖ జ్యేష్ఠాల పెళ్లిళ్లకు దాని మీద ఆశ పెట్టుకోకుండా, ఆ రెండు నెలలు ఆనందపురం మల్లెకే వదిలేయవచ్చు.