పళ్లెం అంచున చిన్నమెదడు

మా మేనకోడలు మొదటిసారి ఇత్తడి పళ్లెం ఎక్కిన రోజు నేను డాన్సు క్లాసు వరండాలో కూర్చుని ఉన్నాను. గచ్చు మీద పళ్లెం గరగరమంటోంది. మధ్యమధ్య అమ్మాయి తూలి గోడ పట్టుకున్నప్పుడల్లా ఠంగుమని మోత. "కిందికి చూడకమ్మా, పాదానికే తెలుస్తుంది" అంటున్నారు టీచరుగారు. పాదానికి తెలియడమేమిటని అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత చిన్నమెదడు గురించి చదివాక నవ్వు పోయింది.

కృష్ణా జిల్లా కూచిపూడి పేరుతో వెలసిన ఈ నాట్యంలో తరంగానిది ప్రత్యేక స్థానం. నారాయణతీర్థుల శ్రీకృష్ణలీలాతరంగిణిలోని పాట నడుస్తుంటే నర్తకి పళ్లెం అంచుల మీద రెండు పాదాలూ ఆనించి నిలబడుతుంది. ఒక్కోసారి నెత్తిన నీళ్ల చెంబు కూడా ఉంటుంది. ఒంటి బరువును మార్చుకుంటూ, పాదాలతో తోస్తూ, జతికి తగ్గట్టు పళ్లేన్ని నడపాలి. పైగా ముఖంలో కృష్ణుడు కనిపించాలి. అంటే ఆలోచన అభినయం మీద ఉండాలి, కాళ్ల మీద కాదు.

కాళ్లను ఆలోచనకు వదిలేస్తే పని జరగదు కూడా. నెమ్మదిగా సాగే ఒకటో కాలంలో సెకనుకు ఒక అడుగనుకుంటే, వేగమైన మూడో కాలంలో నాలుగు. పాదం నుంచి కబురు పెద్దమెదడు పైపొరకు చేరడానికే దాదాపు 40 మిల్లీసెకన్లు పడుతుంది. కంటితో చూసి దిద్దుకోవాలంటే వంద దాటిపోతుంది, తరచు రెండు వందల దాకా వెళ్తుంది. తప్పు తెలిసేసరికి తర్వాతి అడుగు నెత్తిన కూర్చుంటుంది. కాబట్టి జరగబోయేది ముందే లెక్కగట్టే వారెవరో లోపల ఉండాలి.

ఆ లెక్కల గుమాస్తా తల వెనక, మెడకు కాస్త పైన ఉంటుంది. చిన్నమెదడు బరువు సుమారు 150 గ్రాములే. మొత్తం మెదడులో పదో వంతు. నాడీకణాలు లెక్కపెడితే మాత్రం వరస తిరగబడుతుంది. 2009లో బ్రెజిల్ పరిశోధకులు వేసిన లెక్కలో మనిషి మెదడు మొత్తానికి సుమారు 8600 కోట్ల నాడీకణాలుంటే, అందులో 6900 కోట్లు ఇక్కడే ఉన్నాయి.

ఇక్కడికి రెండు రకాల కబుర్లు వస్తాయి. కండరాలు, కీళ్లు, అరికాలి చర్మం, లోచెవి పంపేవి ఒక రకం: కాలు ఇప్పుడెక్కడుంది, తల ఎటు ఒరిగింది అని. రెండోది, పెద్దమెదడు కండరాలకిచ్చే ఉత్తర్వు నకలు: అడుగు ఇలా వేయబోతున్నాను అని. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే దీని కొలువు. కబుర్లన్నీ మొదట లెక్కలేనన్ని చిట్టి గ్రాన్యూల్ కణాలకు చేరతాయి. వాటి నుంచి సన్నని తంతువులు వెళ్లి పర్కింజీ కణాల కొమ్మలను తాకుతాయి. విసనకర్రలా విచ్చుకున్న ఒక్కో పర్కింజీ కణానికి లక్షకు పైగా తాకిళ్లు. 1960లలో జపాన్ శాస్త్రవేత్త మసావో ఇటో బృందం తేల్చిన సంగతి నాకు అన్నిటికంటే వింతగా తోచింది. ఇంత విని పర్కింజీ కణం చెప్పేది ఒక్కటే మాట: ఆగు. ఉరకబోయే కదలికకు ఎక్కడ, ఎంతసేపు కళ్లెం పట్టాలో చెప్పడమే దాని పని.

ఆ కళ్లెం నేర్పేది పొరపాటు. ప్రతి పర్కింజీ కణానికీ మెదడు కాండం నుంచి ఎగబాకి వచ్చే తంతువు ఒక్కటే ఒక్కటి ఉంటుంది. మిగతా తంతువులు గలగలా వాగుతుంటే ఇది సెకనుకు ఒకసారో ఎప్పుడో నోరు విప్పుతుంది. ఊహించినదీ జరిగినదీ కలవనప్పుడు దెబ్బ కొట్టేది ఇదేననే భావనకు 1969లో డేవిడ్ మార్, 1971లో జేమ్స్ ఆల్బస్ సిద్ధాంతాలు పునాది వేశాయి. ఆ దెబ్బ పడ్డ క్షణంలో మోగుతున్న తంతువుల పట్టు సడలుతుందని 1982లో ఇటో చూపించారు. వాదోపవాదాలు ఇంకా ఉన్నాయి గానీ, నట్టువాంగానికి కూర్చున్న గురువు దిద్దుబాటు నాకు అచ్చం ఇలాగే కనబడుతుంది. బాగా చేసినప్పుడు మౌనం, తప్పినప్పుడు చెక్క మీద ఒక్క దెబ్బ. అదీ సరిగ్గా తప్పిన చోట.

అందుకే ఒకటో కాలం సాధన పిల్లల ఓర్పుకు పరీక్ష కాదు. నెమ్మదిగా వేసిన అడుగులో పొరపాటు విడివిడిగా కనిపిస్తుంది. పరుగులో పది తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి, ఏది దిద్దాలో లోపలి గుమాస్తాకు తెలియదు. 'ఒంటబట్టింది' అని మనవాళ్లు ఊరికే అనలేదు. మనసుకు పట్టడం వేరు, ఒంటికి పట్టడం వేరు.

చిన్నమెదడు దెబ్బతింటే ఏమవుతుందో మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను పరీక్షించి బ్రిటిష్ నాడీవైద్యుడు గోర్డన్ హోమ్స్ రాశారు. పక్షవాతం రాదు. బలం కొంత తగ్గినా కాలూ చెయ్యీ ఆడతాయి, కానీ కొలత తప్పుతుంది, లయ పోతుంది. కుడివైపు గాయమైతే కుడి చెయ్యే తడబడుతుంది. ఆయన రోగి ఒకరు, బాగున్న చెయ్యి దానంతటదే కదులుతోందనీ, గాయం వైపు చేతిని మాత్రం ప్రతి కదలికా ఆలోచించి కదపాల్సి వస్తోందనీ చెప్పుకున్నారు. పళ్లెం ఎక్కిన మొదటిరోజు మా పిల్ల కాళ్ల స్థితి కొంచెం అదే.

నాడీవైద్యులు నేటికీ చేసే పరీక్ష ఒకటుంది. తొడ మీద అరచెయ్యి ఒకసారి, మళ్లీ చెయ్యి తిప్పి వెనకవైపు ఒకసారి, వేగంగా వేయమంటారు. ఆదితాళం తెలిసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు, అది ద్రుతం: ఒక ఘాతం, ఒక విసర్జితం. సంగీతం క్లాసులో మొదటివారం నేర్పేదాన్నే ఆసుపత్రిలో చిన్నమెదడు మాట వింటోందో లేదో చూడటానికి వాడుతున్నారు.

లండన్‌లో బాలే నర్తకుల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, గిరగిరా తిరిగినా తల తిరగకుండా ఉండటానికీ చిన్నమెదడులో వచ్చిన మార్పులకూ సంబంధం కనిపించింది. మన నాట్యంలో గిరగిరా తిరిగే భ్రమరులు చేసేవాళ్లనూ అలా పరీక్షించి చూస్తే బాగుంటుంది.

వార్షికోత్సవానికల్లా తరంగం చేయించమని గురువులను తొందరపెట్టే తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అమ్మాయి కిందికి చూడకుండా, మీతో కబుర్లు చెబుతూ ఒకటో కాలం తప్పకుండా వేసేదాకా పళ్లెం కొనకండి.